పసిబిడ్డ చేతికి ఏ బండి?

మన సంఘాలలో యాభై, అరవై దాటిన తల్లులు కొందరు ఏడాదిలో సగం రోజులు ఊళ్ళో కనబడరు. ఆదివారం ఆరాధనలో వారు కూర్చొనే చోటు ఖాళీగా ఉంటుంది. ఏరీ అని అడిగితే, "కొండాపూర్ వెళ్ళిందండీ, మనుమణ్ణి చూచుకోవాలి గదా" అంటారు ఇంటివారు. కొండాపూర్ కాకపోతే మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఆ రాళ్ళగుట్టల ప్రాంతం ఎట్లా మారిపోయిందో మనకందరికీ తెలిసినదే. కొడుకు ఒక కంపెనీలో, కోడలు మరొక కంపెనీలో. ఎక్కడో తొమ్మిదో అంతస్తులో రెండు పడకగదుల ఇల్లు. పగలంతా పసివాడికి తోడు నానమ్మో, అమ్మమ్మో.

ఆ ప్రయాణానికి సంచి సర్దుకోవడం ఆ తల్లికి బాగా తెలుసు. ఆవకాయ, అరిసెలు, వెన్న కాచిన నెయ్యి. చిక్కంతా బిడ్డకు ఏ బొమ్మ తీసుకొని వెళ్ళాలన్న దగ్గరే వస్తుంది. "వాడికి బండ్లంటే ప్రాణం అత్తయ్యా" అని కోడలు ఫోనులో చెప్పి ఉంటుంది. బజారుకు వెళ్తే రంగురంగుల అట్టపెట్టెలు గోడంతా పేర్చి ఉంటాయి. ఒక పెట్టెలో కార్లతో కూడిన పెట్రోలు బంకు, ఒకదానిలో పట్టాలతో సహా రైలు, ఇంకొకదానిలో క్రేను, టిప్పరు, ఇటుకలు, టోపీ పెట్టుకొన్న మేస్త్రీ. వీటిని ప్లేసెట్లు అంటున్నారు. బండి ఒక్కటే కాక, ఆ బండితో జరిగే పనికి కావలసిన సరంజామా అంతా కలిపి అమ్ముతారన్నమాట. ఖరీదు చూస్తే గుండె ఝల్లుమంటుంది. కొనకుండా వెళ్తే మనసు ఒప్పుకోదు.

పేరు కొత్తదే గాని వస్తువు మనకు కొత్త కాదు. లక్కపిడతలు మన తెలుగువారి ప్లేసెట్టే గదా! చిన్న పొయ్యి, కుండ, గరిటె, తిరగలి. బిడ్డ ఉత్తుత్తి అన్నం వండి, ఉత్తుత్తిగా వడ్డిస్తే పెద్దవాళ్ళు తిన్నట్టు నటించి "బాగుందమ్మా" అనేవారు. బండ్లూ ఉండేవి. ఎండిన రెండు తాటిబుర్రలకు పుల్ల గుచ్చి తోసుకొనే బండి, అగ్గిపెట్టెలు వరుసగా తగిలించిన రైలు, కర్రతో కొట్టుకుంటూ పరుగెత్తే పాత సైకిలు టైరు. వీటిలో ఒక్కటీ తనంతట తాను కదలదు, కూత కూయదు. కూసేది బిడ్డే. మంచి ఆటబండి ఏదో తేల్చుకోవడానికి ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకొంటే చాలావరకు సరిపోతుంది. బండి ఎంత తక్కువ పని చేస్తే బిడ్డ అంత ఎక్కువ పని చేస్తాడు.

పసిబిడ్డలు ఏడాది నిండిన తరువాత, పద్దెనిమిది నెలల లోపుగా, ఉత్తుత్తి ఆటకు దిగుతారు. ఖాళీ గ్లాసు ఎత్తి గుటకలు వేయడం, చెవి దగ్గర చెక్కముక్క పెట్టి "హలో" అనడం. అప్పుడు వాడు ఆడేది తాను చూచినదే. రెండేళ్ళు వచ్చేసరికి ఒక వస్తువును మరొక వస్తువుగా అనుకోగలుగుతాడు. సబ్బుపెట్టె లారీ అవుతుంది. దుప్పటి మడత చెరువు అవుతుంది. మూడేళ్ళకు దగ్గర పడుతుంటే కథ మొదలవుతుంది. లారీ బురదలో దిగబడింది, క్రేను రావాలి, డ్రైవరుకు ఆకలేస్తున్నది. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించడం, దానిని మాటలలో పెట్టడం, ఒకదాని తరువాత ఒకటి ఏమి జరుగుతుందో అనుకోవడం, ఇవన్నీ ఈ ఆటలో నేర్చుకొంటాడు. పైకి చూస్తే నేల మీద పాకుతూ "బుర్ర్" అంటున్నాడు, అంతే.

వాడు చూచేది ఏమిటి మరి? మన ఊళ్ళో అయితే ట్రాక్టరు, వరికోత మిషను, పాలబండి, పల్లెవెలుగు బస్సు. ఆ తొమ్మిదో అంతస్తు బాల్కనీ నుండి కనిపించేవి వేరు. ఎదుట కడుతున్న మరో భవనం మీద ఆకాశమంత క్రేను. కింద మట్టి తవ్వే జేసీబీ, పెద్ద డ్రమ్ము తిప్పుకొంటూ వచ్చే సిమెంటు కలిపే లారీ. ఎండాకాలంలో అపార్టుమెంటు గేటు ముందు వరుసకట్టే నీళ్ళ ట్యాంకర్లు. ప్రొద్దుటే వచ్చే చెత్త ఆటో. 2019లో హైటెక్ సిటీ దాకా, ఆ ఏడాదే రాయదుర్గం దాకా వచ్చిన మెట్రో రైలు. 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన మీద సాయంకాలం దీపాలతో బారులు తీరిన కార్లు. ఆ బిడ్డకు ఇదే ఊరు. విదేశీ బొమ్మల పెట్టెలో మంచు తోసే బండి ఉంటుంది. వాడు మంచు ఎన్నడూ చూడలేదు గనుక దానితో ఏమి చేయాలో తోచదు. నీళ్ళ ట్యాంకరు మాత్రం వాడికి పూర్తిగా తెలుసు. పైపు తగిలించాలి, మోటారు వేయాలి, "అయిపోయిందా?" అని వాచ్‌మన్ అంకుల్ అడగాలి. అందుచేత కొనేముందు కోడలిని ఫోనులో ఒక మాట అడగండి, "కిటికీలోంచి చూచి వాడు ఏ బండికి కేకలు వేస్తాడమ్మా?" అని.

ఇక పెట్టెల సంగతి. రెండేళ్ళ లోపు బిడ్డకు నా ఓటు టిప్పరుకే. చేతికి ఇముడుతుంది, వెనుక తొట్టిలో ఏదైనా నింపవచ్చు, ఒంపవచ్చు. నింపడం, ఒంపడం, మళ్ళీ నింపడం ఆ వయస్సులో విసుగు రాని పని. వంటింట్లో బంగాళాదుంపలు నాలుగు ఇస్తే సరుకు కూడా దొరికినట్టే. శెనగలు, చింతగింజలు మాత్రం ఇవ్వవద్దు. రెండు దాటినవాడికి చెక్క పట్టాల రైలు బాగుంటుంది గాని, మొదట పట్టాలు అమర్చడం వాడి వల్ల కాదు, పెద్దవారు కూర్చోవాలి. అంతస్తుల గ్యారేజీ మూడేళ్ళకు ముందు దండగ. కారు పైనుంచి కిందికి జారడం నాలుగుసార్లు చూచి వదిలేస్తాడు. స్టీరింగు, గేరు, హారను ఉన్న పలక ఒకటి అమ్ముతున్నారు. దాని పని మన సత్తు పళ్ళెం కూడా చేస్తుంది. బిడ్డ ఎక్కి కూర్చుంటే మోటారుతో నడిచే బ్యాటరీ కార్లు రెండు పడకగదుల ఇంటికి తగినవి కావు. పైగా అందులో బిడ్డ చేసే పని ఏముంది? మీట నొక్కడమే.

మీట నొక్కితే పాడేవి, మాట్లాడేవి, దీపాలు వెలిగించేవి ఇప్పుడు మార్కెట్టులో ఎక్కువ. అంబులెన్సు తానే సైరను మోగిస్తుంది, ఇంగ్లీషులో అంకెలు చెప్తుంది. చదువు వస్తుందని తల్లిదండ్రులు మురిసిపోతారు. అమెరికాలో నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయం వారు 2015 చివరలో ప్రకటించిన ఒక పరిశీలన ఈ సందర్భంలో చెప్పుకోదగినది. పది నుండి పదహారు నెలల బిడ్డలు 26 మందిని తల్లి లేదా తండ్రితో సహా తీసుకొని, వారిళ్ళలోనే మూడు రకాల వస్తువులతో ఆడించి మాటలు రికార్డు చేశారు. ఎలక్ట్రానిక్ బొమ్మలు, మామూలు బొమ్మలు, బొమ్మల పుస్తకాలు. మాట్లాడే బొమ్మ ఇచ్చినప్పుడు పెద్దవారి మాటలు తగ్గాయి, బిడ్డ కూతలూ తగ్గాయి. బొమ్మే మాట్లాడుతుంటే మనం మాట్లాడడం దేనికి అని ఊరుకుంటాం గదా! పుస్తకాలతో మాటలు అన్నిటికంటె ఎక్కువ వచ్చాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018 డిసెంబరులో తల్లిదండ్రులకు ఇచ్చిన సలహా కూడా ఇదే తోవలో ఉన్నది. ఖరీదైనది, తెర ఉన్నది అక్కరలేదు, బిడ్డతో పెద్దవారు కలిసి ఆడదగిన సాదా బొమ్మలే మంచివి అని.

ఉద్యోగస్థుల ఇళ్ళలో ఈ బొమ్మల పక్కనే మరొకటి పొంచి ఉంటుంది, సెల్‌ఫోను. బండ్ల పాటల వీడియో పెట్టి అన్నం తినిపించడం చాలా ఇళ్ళలో అలవాటయిపోయింది. ఏడాది బిడ్డకు తెర అసలే వద్దని, రెండు నుండి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించరాదని, అంతకంటె తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మనుమణ్ణి ఎత్తుకొని బాల్కనీలో నిలబడి నిజం జేసీబీని చూపిస్తూ నాలుగు ముద్దలు పెట్టే నానమ్మ ఆ వీడియో కంటె ఎంతో మేలు.

ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చే సంగతులు. ఇవి ఊళ్ళో ఉన్నవారికీ ముఖ్యమే, ఎందుకంటే తిరునాళ్ళలో, క్రిస్మస్ రోజులలో రోడ్డు పక్కన కొనే చవక బండ్లు ఎక్కువగా మన ఇళ్ళకే వస్తాయి.

మొదటిది, చిన్న ముక్కలు. మూడేళ్ళలోపు బిడ్డ ప్రతిదీ నోట పెడతాడు. బొమ్మల పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గల గొట్టం ఒకటి వాడతారు. బొమ్మ గాని, దాని నుండి ఊడిన ముక్క గాని ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే అది పసిబిడ్డకు పనికిరాదు. పది రూపాయల నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు. ఆ నాణెం కంటె కాస్త పెద్ద గొట్టం అనుకొని చూస్తే మీకు అందాజు దొరుకుతుంది. బండి పెద్దదే కావచ్చు, దాని చక్రం? డ్రైవరు బొమ్మ? పెట్రోలు పైపు చివర ముక్క? ప్లేసెట్లలో ప్రమాదమంతా ఈ తోడు వస్తువులలోనే ఉన్నది. దుకాణంలోనే చక్రం పట్టి గట్టిగా లాగండి. కొట్టువాడు ఏమైనా అనుకోనీయండి. పెట్టె మీద గుండ్రని గీత మధ్య పసివాడి ముఖం, 0-3 అంకెలు, వాటి మీదుగా అడ్డగీత కనబడితే అది మూడేళ్ళలోపు వారికి కాదని అర్థం. ఇంగ్లీషు రానివారైనా ఈ గుర్తు పట్టుకోవచ్చు. "మా వాడు తెలివైనవాడు, ముందే ఆడతాడు" అనుకోవడానికి లేదు. ఆ హెచ్చరిక తెలివిని గురించి కాదు, గొంతును గురించి.

రెండవది, బిళ్ళ బ్యాటరీ. చొక్కా గుండీ మాదిరి మెరిసే ఆ బిళ్ళ చిన్న దీపాల బండ్లలో, రిమోట్లలో ఉంటుంది. బిడ్డ మింగితే అది అన్నవాహికలో ఇరుక్కొని రెండు గంటలలోనే లోపలి కండను కాల్చివేయగలదు. పైకి మాత్రం దగ్గు, చొంగ, అన్నం వద్దనడం, ఇంతే కనబడవచ్చు. జలుబు అనుకొని మందు వేసి పడుకోబెడతారు. అనుమానం వస్తే వాంతి చేయించవద్దు, అన్నం పెట్టవద్దు, తెల్లవారనీ అనవద్దు. 108కి ఫోను చేసి, ఎక్స్‌రే తీసే పెద్ద ఆసుపత్రికి అప్పటికప్పుడే తీసుకొని వెళ్ళాలి. బ్యాటరీ గది మూతకు స్క్రూ ఉన్న బొమ్మే కొనాలి, గోటితో తెరుచుకొనేది ఎంత ముద్దుగా ఉన్నా వద్దు. రైలు పెట్టెలను కలిపే అయస్కాంతాలూ ఇటువంటివే. రెండు మింగితే పేగు గోడల మధ్య ఒకదానినొకటి పట్టుకొని పేగుకు చిల్లు పెడతాయి. అవి చెక్కలో లోతుగా బిగించి ఉన్నాయో లేదో చూచుకోండి. ఇక లాగుడు బండికి తాడు పొడుగ్గా, చివర ఉచ్చులాగా ఉంటే ఉచ్చు కోసివేసి కురచ చేయండి.

మూడవది రంగు. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి, రంగు అంటితే ఆ బొమ్మ వదిలివేయండి. అంటనంత మాత్రాన అందులో సీసం లేదని చెప్పలేము. అందుకే ముద్ర చూడాలి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేశారు. ఆ ముద్రతో పాటు సి.ఎం./ఎల్. అని ఒక అంకె ఉంటుంది. మీ అబ్బాయి ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ అంకె కొడితే ఆ లైసెన్సు ఎవరిదో తెలుస్తుంది. ముద్ర లేని ప్లాస్టిక్ బండి సగం ధరకే వస్తుందని ఆశపడవద్దు.

ఈ నిబంధన నుండి భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు, ప్రభుత్వం దగ్గర నమోదైన చేతిపనివారికి మినహాయింపు ఉన్నది. మన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు ఈ కోవలోవే. హైటెక్ సిటీ ఎదురుగానే, మాదాపూర్ శిల్పారామంలో ఇటువంటి చేతిపనుల దుకాణాలు ఉంటాయి, మెట్రో దిగి నడిచి వెళ్ళవచ్చు. ఈ రెండింటికీ తేడా మాత్రం తెలిసి ఉండాలి. కొండపల్లి ఎడ్లబండి ఎంత అందంగా ఉంటుందో మనకు తెలుసు. అయితే అది తేలికైన తెల్లపొణికి కర్రతో చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించిన బొమ్మ. ఎద్దు కొమ్ము, బండి కాడి పుటుక్కున విరుగుతాయి. అది కొలువులో పెట్టుకొనేది, రెండేళ్ళవాడి చేతికి ఇచ్చేది కాదు. ఏటికొప్పాకది వేరే పని. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను తరిణె మీద తిప్పి, తిరుగుతుండగానే లక్క పూస్తారు. అంచులు గుండ్రంగా, నునుపుగా వస్తాయి. గింజలు, ఆకులు, బెరళ్ళ నుండి తీసిన రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చేందుకు అక్కడ సి.వి. రాజు గారు ఏండ్ల తరబడి కృషి చేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ లక్కబొమ్మల బండి పసిబిడ్డకు తగినది. అయినా కొనేముందు అడగవలసినది అడగండి, ఇది చెట్ల రంగేనా అని. చక్రాల చీలలు లాగి చూడడం ఇక్కడా మానవద్దు. ముద్ర నుండి మినహాయింపు ఉన్నది గాని, బిడ్డ గొంతుకు మినహాయింపు లేదు.

బండ్లు మగపిల్లలకు, లక్కపిడతలు ఆడపిల్లలకు అని పంచి పెట్టడం మనకు అలవాటు. మనుమరాలు ఆ బాల్కనీలోంచే మెట్రోను చూస్తున్నది. హైదరాబాదు మెట్రో రైళ్ళు నడిపేవారిలో ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. ఆమెకు రైలు ఇవ్వండి. మనుమడికి పిడతలు ఇవ్వండి, డ్రైవరుకు ఆకలి వేస్తే అన్నం వండాలి గదా.

ఎన్ని కొనాలి అంటే, ఒకటి. అమెరికాలోని టోలెడో విశ్వవిద్యాలయం వారు పద్దెనిమిది నుండి ముప్పై నెలల బిడ్డలు 36 మందిని ఒకసారి నాలుగు బొమ్మల మధ్య, మరొకసారి పదహారు బొమ్మల మధ్య కూర్చోబెట్టి చూచారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కొక్క బొమ్మతో ఎక్కువ సేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. ఆ ఇళ్ళలో ప్రతి పుట్టినరోజుకు స్నేహితులు తెచ్చిన పెట్టెలు గుట్టలుగా పడి ఉంటాయి. సగం తీసి అటక మీద పెట్టండి, నెల తరువాత దించితే అవే కొత్తవి. కోడలితో ఒక మాట చెప్పి చేయండి, లేకపోతే అదొక తగువు.

ఏది కొన్నా, దానితో పాటు పెద్దవారు నేల మీద కూర్చోవలసి ఉంటుంది. మోకాళ్ళ నొప్పి ఉంటే కుర్చీలోనే కూర్చొని ప్రయాణికురాలు కావచ్చు. "నానమ్మా, ఎక్కు" అంటాడు. ఎక్కాలి. "ఎక్కడికి బాబూ ఈ బస్సు?" అనాలి. వాడు నోటికి వచ్చిన ఊరి పేరు చెప్తాడు. "దారిలో చెరువు వస్తుందా? టిక్కెట్టు ఎంత?" ఇట్లా అడుగుతూ పోవాలి గాని "ఇది ఏ రంగు? చక్రాలు ఎన్ని?" అని పరీక్షలు పెట్టకూడదు. పరీక్ష పెట్టగానే ఆట ఆగిపోతుంది. మన భాష ఆ ఇంట్లో తక్కువ వినబడుతుంటే, కాడి, ఇరుసు, కళ్ళెం, మలుపు, వాగు, గట్టు వంటి మాటలన్నీ ఈ ఆటలోనే వాడి నోటికి ఎక్కుతాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి సున్నా టిక్కెట్టే గనుక, నానమ్మ దగ్గర కండక్టరు డబ్బులు అడిగినా ఇవ్వనక్కరలేదు. ఆధార్ కార్డు చూపిస్తే సరి.

డబ్బు పెట్టడానికి వీలు లేనివారికి ఒక సంగతి. ఆ అపార్టుమెంట్లలో సరుకులన్నీ అట్టపెట్టెలలోనే ఇంటికి వస్తాయి. బిడ్డ కూర్చొనేంత పెద్ద పెట్టె ఒకటి ఉంచుకోండి. పిన్నులన్నీ పీకివేయండి, అంటుకాగితం చీల్చివేయండి, ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా లోపల మిగలకూడదు. రెండు పక్కల కిటికీలు కోసి, బొగ్గుతోనో రంగుపెన్సిలుతోనో చక్రాలు గీయండి. ముందు ఊరి పేరు పెద్ద అక్షరాలతో వ్రాయండి, మీ ఊరి పేరే వ్రాయండి. స్టీరింగుకు సత్తు పళ్ళెం, టిక్కెట్లకు పాత క్యాలెండరు ముక్కలు. సాయంకాలం కొడుకు కోడలు వచ్చేసరికి ఆ బస్సు హాలు మధ్యలో ఉంటుంది, వారు కూడా బూట్లు విప్పి ఎక్కవలసిందే. పెట్టె నలిగిపోతే పారవేయండి. రేపు ప్రొద్దుటికి మరొకటి గుమ్మం ముందు ఉంటుంది.